పెళ్ళిచూపుల్లో అబ్బాయి వేరు, యాడ్‌లో అబ్బాయి వేరు

ఈ వారం ఉత్తరం మారతహళ్ళి నుంచి. రాసినతనిది కదిరి దగ్గర పల్లె, 26 ఏళ్ళు, బీకామ్ అయ్యాక బెంగళూరొచ్చి పీజీలో ఉంటూ ఒక చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో కంటెంట్ రాస్తున్నాడు. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యట్లేదు. ఉత్తరం చానా పెద్దది, కుదించి పెడుతున్నా.

"అన్నా, మా ఆఫీసుకి బయటి దేశం క్లయింట్ ఒకడొచ్చాడు. గే అడల్ట్ సైట్లు మూడో నాలుగో నడుపుతాడంట. వాటికి ట్యాగులు, చిన్న చిన్న యాడ్ లైన్లు, సైటు గురించి రెండు ముక్కలు, ఇంగ్లీషులోనూ మన భాషల్లోనూ కావాలంట. తెలుగు నా నెత్తిన పడింది. నేను గే కాదు, నాకు ఈ లోకం తెలీదు. మేనేజర్ ఒక ఎక్సెల్ షీటు ఇచ్చాడు, అందులో సగం మాటలు 'బాయ్' చుట్టూనే తిరుగుతున్నాయి, ట్యూషను అదీ ఇదీ కూడా ఉంది. తెలుగులో 'కుర్రాడు', 'పిల్లగాడు' అని పెట్టెయ్ అంటాడు. వీడియోల్లో అందరూ పెద్దోళ్ళే కదా, ఇది స్లాంగే కదా, జనం అట్లే వెతుకుతారు కదా అంటాడు. నాకేమో చెయ్యి కదలట్లేదు. వాళ్ళని ఏమని రాయాలన్నా? ఏ మాట అవమానం, ఏ మాట కాదు? అసలు ఈ పని చెయ్యొచ్చా? ఇంట్లో తెలిస్తే ఏమనుకుంటారో, అదొక భయం."

తమ్ముడూ, నీ చెయ్యి కదలట్లేదు చూడు, ఆ చెయ్యికి నీ మేనేజర్ కన్నా ఎక్కువ తెలుసు. నువ్వు మూడోది చేసి అడిగిన ప్రశ్న ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే దాని జవాబు తెలీకుండా మిగతావి చెప్పడం దండగ.

గేగా ఉండటం నేరం కాదు, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్‌లోంచి పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాల్ని తీసేసింది, అది నీకూ తెలిసే ఉంటుంది. కానీ దాన్ని చూసి చానామంది అనుకునే పొరపాటు ఏంటంటే, అయితే గే పోర్న్ కూడా లీగలే కదా అని. కాదు సామీ. ఆ తీర్పుకీ దీనికీ సంబంధం లేదు. మన ఐటీ చట్టంలో 67ఏ అని ఒక సెక్షన్ ఉంది, లైంగిక చర్యలు చూపించే మెటీరియల్‌ని ఆన్‌లైన్‌లో పబ్లిష్ చేసినా, పంపినా, చేయించినా మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా, రెండోసారైతే ఏడేళ్ళు. ఆడామగా అయినా మగామగా అయినా దానికి ఒకటే. ఒక పెద్ద మనిషి తన ఇంట్లో తన ఫోన్‌లో చూసుకోవడం వేరు, దాన్ని జనంలోకి తొయ్యడం వేరు. సర్వర్ యాడ నెదర్లాండ్స్‌లో ఉన్నా కీబోర్డు మారతహళ్ళిలో ఉంది కదా. కాబట్టి మీ ఆఫీసు ఏం చేస్తోంది, వట్టి మాటలు రాసివ్వడమా లేకపోతే లింకులు పెట్టి, బొమ్మలు అప్‌లోడ్ చేసి, ఈ దేశం జనానికి తోస్తోందా అనేది ఒక లాయర్‌కి చూపించి, ఆయన చెప్పింది కాయితం మీద తీసుకోమను. నోటిమాట కాదు. నువ్వు ఆ సైట్ల అడ్మిన్ పాస్‌వర్డ్ తీసుకోవద్దు, నీ సొంత మెయిల్‌తో ఏ అకౌంటూ తెరవొద్దు, వీడియోలు బొమ్మలు నీ లాప్‌టాప్‌లోకి దించొద్దు. లాయర్ కాదంటే వదిలెయ్, బెంగళూరులో కంటెంట్ రాసేవాడికి ఇంకో పని దొరక్కపోదు, పీజీ అడ్వాన్సు అంత కష్టం కాదది.

సరే, లాయర్ సరేనన్నాడు, నువ్వు మాటలు మాత్రమే రాసిస్తావు అనుకుని మిగతాది చెప్తా. ఇక్కడి నుంచి నాకు ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువే వాగుతా, ఓపిక పట్టు.

నేను గేనే. ఈ ఊరికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, దాంట్లో సగం కాలం యాడ్‌లు తెలుగు చేసే పనే. ఒకసారి మగాళ్ళ డేటింగ్ యాప్ ఒకటి, పెద్దవాళ్ళది, పద్ధతిగా నడిచేదే, దానికి ఒక లైన్ తెలుగు చెయ్యమన్నారు. ఇంగ్లీషులో బాయ్స్ అని ఉంది. నేను ఏం ఆలోచించకుండా కుర్రాళ్ళు అని కొట్టేశా. బాగుంది కూడా, చదువుతుంటే లయ ఉంది. మూడు వారాలు వాళ్ళ పేమెంట్ అకౌంట్ ఆగిపోయింది. కార్డు డబ్బులు చూసే కంపెనీ వాళ్ళు మెయిల్ పెట్టారు, అందులో కోప్పడలేదు, బెదిరించలేదు, ఒకటే ప్రశ్న: ఈ పదం ఎన్నేళ్ళ వాళ్ళకి వాడతారు? నేను జవాబు రాయడానికి కూర్చుని గంటసేపు రాయలేకపోయా. ఎందుకంటే నిజం జవాబు ఏంది, పదిహేనేళ్ళ వాడికీ వాడతాం, ఇరవై ఎనిమిదేళ్ళ వాడికీ వాడతాం, టీమ్‌లోకి కొత్తగా వచ్చిన క్రికెటర్‌కీ వాడతాం. ఆ రోజు నుంచి ఆ ప్రశ్నని నేను గోడ మీద చీటీ లాగా పెట్టుకున్నా. నువ్వూ పెట్టుకో.

మన భాషల సంగతి చూడు. మీ ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఏమంటారు, అబ్బాయి సాఫ్ట్‌వేరు, 32 ఏళ్ళు, సొంతిల్లు ఉంది. ముప్పై రెండేళ్ళ గడ్డపాయన అబ్బాయి! వాళ్ళమ్మకైతే ఇంకా పిల్లోడే, మా పిల్లోడు నోట్లో వేలు పెడితే కొరకలేడండీ అంటది. మీ పీజీ పక్కింటి కన్నడ వాళ్ళూ అంతే, హుడుగన కడెయవరు, అంటే అబ్బాయి వైపోళ్ళు, మగపెళ్ళివారు. చెన్నై పోతే పయ్యన్ వీడు, అబ్బాయి ఇల్లు. హిందీ వాళ్ళకి లడ్‌కే వాలే. మన దక్షిణాదీ ఉత్తరాదీ ఏకమైంది ఒక్క ఈ విషయంలోనే, పెళ్ళయ్యేదాకా మగాడు పెద్దోడు కాడు, ఆ తర్వాత కూడా అమ్మ ఒప్పుకోదు. అందుకే మీ మేనేజర్‌కి 'కుర్రాడు' అంటే తప్పేం కనపడట్లేదు, ఆయన చెవిలో అది పెళ్ళిచూపుల మాట. నేను ఆయన్ని చెడ్డోడు అనట్లేదు, చెవి అట్లా తయారయ్యింది.

కానీ పెళ్ళిచూపుల్లో ఆ మాట చుట్టూ ఎంత సామాను ఉంటదో చూడు. మనిషి ఎదురుగా కూర్చుని ఉంటాడు, మీసం ఉంటది, జీతం చెప్తారు, జాతకంలో పుట్టిన సంవత్సరం ఉంటది. వయసు గురించి ఎవరికీ అనుమానం రాదు. అడల్ట్ సైట్ ట్యాగు దగ్గర ఏముంది? ఏమీ లేదు. ఒక్క మాట ఒంటరిగా నిలబడి ఉంటది, దాని పక్కన లైంగిక విషయం ఉంటది. ఆ రెండూ కలిస్తే చదివేవాడికి ఏ వయసు తడుతుందో అదే ఆ మాట అర్థం. అమ్మ వచ్చి మా పిల్లోడికి ముప్పై రెండండీ అని చెప్పదు అక్కడ.

ఇంగ్లీషులో కూడా ఇదే గొడవ. గే వాళ్ళలో బాయ్ అనే మాట పెద్దవాళ్ళకి వాడటం చానా పాతది, మేమూ మాలో మేము అనుకుంటాం, అది నిజమే, నీ మేనేజర్ అబద్ధం చెప్పట్లేదు. నలుగురు ఫ్రెండ్స్ ఇందిరానగర్‌లో కూర్చుని అనుకునే మాట అది. అయితే ఫ్రెండ్స్ మధ్య మాట బోర్డు మీదకి ఎక్కితే అది ఇంక స్లాంగ్ కాదు, సరుకు పేరు. మీ కదిరి సంతలో ఇద్దరు దోస్తులు ఒకర్నొకరు తిట్టుకుంటారు, అదే తిట్టు అంగడి పేరుగా పెడతారా?

ఇంక ఆ మాట ఎవరు చదువుతారు అనేది. నువ్వు కస్టమర్ ఒక్కడే చదువుతాడు అనుకుంటున్నావు. కస్టమర్ చివర్లో. మొదట చదివేది కార్డు కంపెనీ. 2020 డిసెంబర్‌లో వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ పోర్న్‌హబ్‌కి కార్డు చెల్లింపులు ఆపేశాయి, మైనర్ల వీడియోలూ ఇష్టం లేకుండా తీసినవీ ఉన్నాయన్న ఆరోపణల మీద. ఆ తర్వాత మాస్టర్‌కార్డ్ 2021 అక్టోబర్ నుంచి అడల్ట్ సైట్లందరికీ కొత్త రూల్స్ పెట్టింది: వీడియోలో కనపడే ప్రతి మనిషి వయసు, గుర్తింపు పేపర్లతో తేల్చాలి, పైకి పెట్టే ముందు చూసి పెట్టాలి, అంతే కాదు, ఇక్కడే నీ పని తగులుతుంది, పిల్లలున్నారనో బలవంతం ఉందనో అనిపించే మాటలతో సైటుని మార్కెట్ చెయ్యకూడదు, అట్లాంటి మాటలతో వెతకనివ్వకూడదు. గమనించావా, ఉన్నారా లేదా అని కాదు, ఉన్నట్టు అనిపించకూడదు. నీ ఎక్సెల్ షీటు సగం ఆ ఒక్క రూలుకే ఎగిరిపోతుంది. మేనేజర్‌కి ధర్మం చెప్తే వినడు గానీ కార్డు ఆగిపోతుంది అని చెప్పు, కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు.

రెండోది మన చట్టం. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, 2012లో వచ్చింది, 18 నిండని ఎవరైనా దాని లెక్కలో పిల్లలే, ఆడపిల్లా మగపిల్లాడా అని చూడదు. 2019 సవరణలో పిల్లల అశ్లీల చిత్రం అంటే ఏంటో రాసుకున్నారు, నిజమైన పిల్లలదే కానక్కర్లేదు, కంప్యూటర్‌లో చేసినదైనా, మార్చినదైనా, పిల్లల్లాగా కనిపిస్తే చాలు. ఐటీ చట్టం 67బీ చదువు ఒకసారి, నెట్‌లో దొరుకుతుంది. పిల్లల్ని అసభ్యంగా చూపే మెటీరియల్ దగ్గర బొమ్మ మాత్రమే అనలేదు, టెక్స్ట్ తయారు చెయ్యడం అన్నారు, ప్రకటించడం, ప్రచారం చెయ్యడం అన్నారు. టెక్స్టు, ప్రచారం, ఈ రెండూ నీ ఉద్యోగమే కదప్పా. వీడియోలో ఉన్నవాడికి 35 ఉండొచ్చు, నువ్వు పైన రాసిన లైను వాడిని పిల్లాడిలా అమ్మితే, ఆ లైను పట్టుకుని నిన్ను అడిగితే ఏం చెప్తావు, స్లాంగ్ సార్ అంటావా?

మాట ఎంత బరువో కోర్టులకి కూడా తెలుసు. చెన్నై కేసు ఒకటుంది, పిల్లల అశ్లీల వీడియోలు ఫోన్‌లో ఉన్నవాడి మీద, 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పుని అదే ఏడు సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆ తీర్పులోనే 'చైల్డ్ పోర్నోగ్రఫీ' అనే మాట కూడా ఇంక వాడొద్దు, దాన్ని పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీ, అత్యాచారానికి సంబంధించిన మెటీరియల్ అనే అనండి అని కింది కోర్టులకి చెప్పింది. ఎందుకంటే పోర్న్ అంటే ఎవరో ఇష్టపడి చేసినట్టు వినపడుతుంది. అంత పెద్ద కోర్టు ఒక మాట కోసం అంత రాసింది, నువ్వు ఒక ట్యాగు కోసం పది నిమిషాలు ఆలోచించడం ఎక్కువేం కాదు.

అమెరికాలో పోర్న్ తీసేవాళ్ళకి 2257 అని ఒక చట్టం ఉంది, 1988 నాటిది, నటించిన ప్రతి మనిషికీ 18 దాటినట్టు రికార్డులు పెట్టుకోవాలి, పద్ధతి ఉన్న సైట్లలో కింద చిన్న అక్షరాల్లో ఆ స్టేట్‌మెంట్ ఉంటుంది. క్లయింట్ సైట్లలో అది ఉందా లేదా చూడమను మీ మేనేజర్‌ని. లేకపోతే మాటల దాకా కూడా పోనక్కర్లేదు, అక్కడితో నమస్కారం.

సరే, మరి ఏమని రాయాలి. ఇప్పుడు సరదా భాగం.

గే వాళ్ళ లోకంలో మగాళ్ళని పిలవడానికి బోలెడు మాటలున్నాయి, వాటిల్లో మంచివి చానావరకు ఒంటి తీరు బట్టి వచ్చినవే, వయసు బట్టి కాదు. బేర్ అంటే ఒళ్ళున్న మనిషి, గడ్డం, ఒంటి మీద జుట్టు. ఇది ఊరికే పుట్టలేదు, 1980ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పత్రికల నిండా సన్నటి, నున్నటి మోడళ్ళే ఉంటే, మేం లేమా అని పొట్టా గడ్డం ఉన్నవాళ్ళు సొంతంగా పెట్టుకున్న పేరు, ఆ పేరుతో 1987లో పత్రిక కూడా వచ్చింది. ఆటర్ అంటే జుట్టు ఉంటది గానీ సన్నటి మనిషి. జాక్ అంటే ఆటలాడే ఒళ్ళు. డాడీ అంటే నలభై యాభైల్లో ఉన్న, నెరిసినా ఠీవి తగ్గని మగాడు. లెదర్ అంటే తోలు బట్టలు, అదొక మోజు. గ్రైండర్ అని మగాళ్ళ డేటింగ్ యాప్‌లో ప్రొఫైల్ పెట్టుకునేటప్పుడు ఇట్లాంటి మాటల లిస్టు ఒకటి వస్తది, నువ్వు ఏ గుంపు అని, అందులో ఇవన్నీ ఉంటాయి. అంటే ఇవి మనుషులు తమకి తాము పెట్టుకున్నవి, ఎవరో అంటించినవి కావు. నీకు లోకం తెలీదన్నావు కాబట్టి తేలిక గుర్తు అదే, వాళ్ళు తమ ప్రొఫైల్‌లో రాసుకునే మాటైతే ముందు దాన్ని చూడు.

కానీ దండం పెడతా, వీటిని తెలుగు చెయ్యొద్దు. బేర్‌ని ఎలుగుబంటి చేస్తే జూ పార్క్ యాడ్ అయిపోతుంది. ఆటర్‌కి తెలుగు తెలుసా, నీటికుక్క! ఎవరన్నా తన ప్రొఫైల్‌లో నీటికుక్క అని రాసుకుంటాడా. డాడీని నాన్న చేశావో, ఇంక నేను మాట్లాడను నీతో. మన వరసలు అట్లాంటివి, తెలుగు చెవికి నాన్న అంటే నాన్నే, మామ అంటే మామే. బెంగళూరు వీధుల్లో మచ్చా అని ఎంత తేలిగ్గా అనుకున్నా, దాని మూలం బామ్మర్ది వరస అని ఎక్కడో తెలుస్తూనే ఉంటది. బంధుత్వం మాటల్ని ఈ పనిలోకి లాగొద్దు, అన్న, తమ్ముడు, బాబాయ్, ఏదీ వద్దు. బేర్‌ని బేర్ అనే, డాడీని డాడీ అనే తెలుగు లిపిలో రాసుకో, వెతికేవాళ్ళకి ఆ మాటే తెలుసు.

రెండు మాటల దగ్గర ఆగాలి. ఒకటి కబ్, చిన్న వయసు బేర్ అని అర్థంలో వాడతారు, ప్రొఫైల్‌లో మనుషులు పెట్టుకుంటారు, నేను కాదనను. కానీ ఇంగ్లీషులోనే దాని అర్థం జంతువు పిల్ల, తెలుగు చేస్తే నేరుగా 'పిల్ల' అయిపోతుంది. యాడ్‌లో వద్దు. రెండోది ట్వింక్. సన్నగా, నున్నగా ఉండే కుర్ర మొహం మగాడు, ఇరవైల్లో ఉంటాడు ఎక్కువగా, మాట ఎక్కడి నుంచి వచ్చిందో అని రకరకాల కథలు చెప్తారు. దీన్ని పూర్తిగా నిషేధించు అని నేను చెప్పను, ఎంతోమంది పెద్దవాళ్ళు తమని తాము అట్లా చెప్పుకుంటారు, వాళ్ళ మాట లాక్కునే హక్కు నాకు లేదు. కానీ అమ్మేవాడి చేతిలో ఇది అంచు మీద నడిచే మాట. వాడాల్సొస్తే పక్కనే వయసు ఉండాలి, 25 అనో ఇరవైల్లో అనో, బొమ్మ ఉంటే పెద్దవాడని గుడ్డివాడికి కూడా తెలియాలి, పక్కన బడి, క్లాసు, హాస్టలు, ఇంట్లో అమ్మానాన్న లేరు, మొదటిసారి, ఇట్లాంటివి ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక అంచు మాట పక్కన ఇంకో అంచు మాట పెడితే రెండూ కలిసి లోయలోకే.

ఇంకో తెలుగు మాట నీ షీటులో ఉంటుందని నాకు అనుమానం, 'లేత'. కలాసిపాళ్యం మార్కెట్లో బెండకాయ దగ్గర వాడుకో, తుంచి చూసి లేతదా కాదా చెప్పు, టెంకాయ నీళ్ళ బండి దగ్గర లేత కొబ్బరి అడుగు. మనిషికి, అదీ ఇక్కడ, జీవితంలో వాడొద్దు. పసి, చిట్టి, బుల్లి, మీసం రాని, ఇవన్నీ ఒకే బుట్ట. ఇంక తమాషా ఏంటంటే దీనికి ఎదురు మాట కూడా మనకి పనికిరాదు, ఇంగ్లీషులో మెచ్యూర్ అంటే మంచి మాటే, మనం 'ముదురు' అంటే బెండకాయైతే పారేస్తాం, మనిషైతే వాడొట్టి ముదురు రా అని జేబు చూసుకుంటాం.

మరి పెద్ద మగాడికి తెలుగులో ఏమనాలి? ఇక్కడ మన భాష నిజంగా ఇబ్బంది పెడుతుంది. పెద్దవాళ్ళు అంటే తల్లిదండ్రులో ముసలాళ్ళో అనిపిస్తుంది, 'పెద్దలకు మాత్రమే' అని సినిమా పోస్టర్ మీద తప్ప వేరే చోట ఆ అర్థం రాదు, కానీ ఆ రెండు మాటలకి ఆ అర్థం అందరికీ తెలుసు కాబట్టి దాన్ని హెచ్చరికగా వాడుకో. వయోజనులు అంటే రాత్రి బడి గుర్తొస్తుంది, వయోజన విద్య అని గోడల మీద రాసేవాళ్ళు. యువకుడు పర్లేదు గానీ పేపర్లో 'యువకుడి మృతి' అని చదివీ చదివీ ఆ మాట శవం లాగా అయిపోయింది. మగరాయుడు బాగుంది కదా అని పెట్టేవు, అది మనం ఆడపిల్లల్ని అనే మాట. తిరిగి తిరిగి నేను ఎక్కడికి వస్తానంటే, మగాడు, మగవాళ్ళు. సాదా మాట. వయసు దానిలోనే ఉంది, పదిహేనేళ్ళ వాడిని ఎవరూ మగాడు అనరు, అన్నా ఎగతాళిగా అంటారు. దాని ముందు ఒంటి తీరు పెట్టుకో: గడ్డం మగాడు, జిమ్ బాడీ, ఒళ్ళున్న మగాడు, నల్లటి మగాడు (దీన్ని గొప్పగా రాయి, జాలిగా కాదు), నెరిసిన గడ్డం. వయసు చెప్పాలంటే అంకె చెప్పు, 30 దాటినవాళ్ళు, 40ల్లో ఉన్నవాళ్ళు. అంకె కన్నా నిజాయితీ మాట ఏ భాషలోనూ లేదు. అంకుల్ మాత్రం వద్దు, బెంగళూరులో ముప్పై ఆరేళ్ళ వాడిని అంకుల్ అంటే ఆ రాత్రి వాడికి నిద్ర పట్టదు, అనుభవంతో చెప్తున్నా.

అవమానం సంగతి అడిగావు. తేడా, తేడాగాడు, కొజ్జా, మాడా, ఆడంగి, ఇవి తిట్లు, వెతికేవాళ్ళు ఈ మాటలతో వెతుకుతారు అని నీ మేనేజర్ చూపించినా పెట్టొద్దు. మాలో ప్రతి ఒక్కడూ వీటిల్లో ఒకటైనా స్కూల్లో తిన్నవాళ్ళమే. ఏ సైటైనా డబ్బు కట్టి చూడటానికి వచ్చినవాడిని గుమ్మంలోనే చెంపదెబ్బ కొడుతుందా? ఇక కోఠి (ఆడతీరు ఉన్న మగాడు), పంథి (అతని మగతీరు జోడీ), డబుల్ డెక్కర్ (రెండూ అయినవాడు) అని దక్షిణాదిలో మావాళ్ళు వాడుకునే మాటలు నీకు ఎక్కడో కనపడతాయి. తిట్లు కావు, కానీ అవి చానా వరకు డబ్బు లేని, ఇంగ్లీషు రాని మావాళ్ళ గుర్తింపు మాటలు, హెచ్ఐవీ ప్రాజెక్టుల రిజిస్టర్లలో కూడా ఎక్కినవి. ఎవరో విదేశీ సైటు వాటిని సరుకు లేబుల్ చేస్తే నాకు మింగుడు పడదు. నా మాట అది, ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు. ఎమ్మెస్సెమ్ (మగాళ్ళతో సెక్స్ చేసే మగాళ్ళు అనేదానికి ఇంగ్లీషు పొట్టిపేరు) అనేది ఆరోగ్య శాఖ మాట, యాడ్‌లో పెడితే రక్తపరీక్షకి పిలిచినట్టు ఉంటుంది. స్వలింగ సంపర్కులు అనే పేపర్ల మాట కూడా నాకు పడదు, మనిషిని మొత్తం పడక దగ్గరికి కుదించేస్తది. గే అంటే చాలు, మా అమ్మకి కూడా ఇప్పుడు ఆ మాట వచ్చు.

మాటల గురించి ఇంత పట్టింపు నాకొక్కడికే అనుకోకు. 2021లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ముందుకి ఇద్దరమ్మాయిల కేసొచ్చింది, రక్షణ కావాలని. ఆయన ముందు తనకే ఈ విషయం సరిగ్గా తెలీదు అని ఒప్పుకుని సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు, తర్వాత ఆ కేసులోనే మావాళ్ళని గౌరవంగా ఏమని రాయాలో ఒక పదాల పట్టిక ఉండాలన్నాడు, 2022లో తమిళనాడు ప్రభుత్వం దాన్ని గెజెట్‌లో పెట్టింది. మనకి తెలుగులో అట్లాంటిది చేతికందితే నేను నీకు ఇంత రాసేవాణ్ణి కాదు.

ఇంకా రెండు ముక్కలు. కులం పేరు ట్యాగులో పెట్టొద్దు, ఎవరి కులమైనా సరే, పైదైనా కిందిదైనా. మతమూ అంతే. ఆటోడ్రైవరు, సెక్యూరిటీ గార్డు, కూలీ, ఇట్లా పని పేర్లు పెట్టమంటారు చూడు, పేదవాడు లొంగుతాడు అన్న వాసన వస్తే కొట్టెయ్. 'దొంగచాటుగా తీసిన', 'తెలీకుండా', 'తాగించి' ఇట్లాంటివి నటనే అయినా ఇష్టం లేకుండా జరిగినట్టు అమ్మే మాటలు, మాస్టర్‌కార్డ్ రూల్లో రెండో సగం ఇదే. మావాళ్ళలో ఎంతమందిని దొంగ వీడియోలతో బెదిరించి డబ్బు గుంజుతారో ఈ ఊళ్ళో ఏ పోలీస్ స్టేషన్ ముందు టీ కొట్టువాడిని అడిగినా చెప్తాడు, దాన్ని మసాలా చేసి అమ్మొద్దు.

ఇంక సోమవారం ఏం చెయ్యాలి అంటే, ఆ ఎక్సెల్ షీటులో ఒక కొత్త కాలమ్ పెట్టు, పైన 'ఎన్నేళ్ళు?' అని రాయి. ప్రతి మాటకీ ఎదురుగా, బొమ్మ చూడకుండా, ఆ మాట వినగానే నీకు తోచిన అతి చిన్న వయసు వెయ్యి. నువ్వొక్కడివే వెయ్యొద్దు, ఒక కన్నడ అతను, ఒక తమిళ అతను, వీలైతే ఒక గే మనిషి, నలుగురితో వేయించు. ఏ ఒక్కరు 18 లోపు అంకె వేసినా ఆ వరస ఎర్రగా చేసి తీసెయ్, వాదన వద్దు. అది మెయిల్‌లో మేనేజర్‌కి పంపు, ఈ కారణాలతో ఈ మాటలు నేను రాయను అని రెండు లైన్లు, మర్యాదగా. ఆ మెయిల్ కాపీ దాచుకో. ఆయన సరే అంటే మంచిది, క్లయింట్ ఆ మాటలే కావాలి, అవి లేకపోతే ట్రాఫిక్ రాదు అని పట్టుబడితే, వాడికి ఏ ట్రాఫిక్ కావాలో నీకు అర్థమైపోయింది, లేచి వచ్చెయ్.

ఒకవేళ పనిలో ఎప్పుడన్నా నిజంగా మైనర్ అనిపించే బొమ్మ కంటపడితే, మేనేజర్‌కి చూపించడానికని స్క్రీన్‌షాట్ తియ్యొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు, దాచడం పంపడం రెండూ నేరమే. లింకు అడ్రసు, టైము కాయితం మీద రాసుకుని కేంద్ర ప్రభుత్వం సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టు, పిల్లల విషయంలో పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. పోక్సోలో తెలిసీ చెప్పకపోవడం కూడా తప్పే, ఆఫీసు పరువు అనే మాట అక్కడ పనిచెయ్యదు.

ఇంటి సంగతి. మీ నాయనకి ఫోన్ చేసి నేనేం రాస్తున్నానో తెలుసా అని నువ్వే మొదలుపెట్టాల్సిన పనేం లేదు. యాడ్‌లు రాస్తున్నా అని చెప్పు, అది నిజం. నీ భయం అసలు గే అనుకుంటారేమో అనా, పోర్న్ అనా? ఉత్తరంలో రెండూ కలిపేశావు. మొదటిదైతే, నన్ను ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నారు, వాళ్ళు అనుకుంది నిజమే కూడా, అయినా పండక్కి వెళ్తే ఓళిగలు పెడుతున్నారు. రెండోదైతే లాయర్ కాయితం వచ్చాక ఇంకోసారి రాయి, అప్పుడు మాట్లాడదాం. షీటు కూడా పంపాలనిపిస్తే ఆ ఎర్ర వరసలు తీసేసినాకే పంపు.